ఈఆర్‌పీ లాభం తెలియాలంటే ఎక్సెల్ షీట్లు వెతకండి

ఈఆర్‌పీ అనే సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్ల ప్రజెంటేషన్ చివర్లో ఒక స్లైడు తప్పనిసరిగా ఉంటుంది. ఎడమవైపు ఖర్చు, కుడివైపు లాభం, కింద పెద్ద అక్షరాల్లో పెట్టుబడి ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో. కంపెనీ సిమెంటు చేసేదైనా, మందులు చేసేదైనా, రొయ్యల మేత చేసేదైనా ఆ నెలల సంఖ్య పెద్దగా మారదు. నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. నా ఉద్యోగం ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కల, మందుల ముడిపదార్థాలు చేసే బల్క్ డ్రగ్ కంపెనీల్లోనే గడిచింది. ఆ స్లైడు చూసి అందరూ తలలూపే సమావేశాల్లో కూర్చోవడమూ, తరువాత అందులోని అంకెలు లాభనష్టాల ఖాతాలో ఎక్కడున్నాయని వెతకడమూ రెండూ నా పనే. అవి అక్కడ దొరకవు. దొరకలేదు కాబట్టి ఈఆర్‌పీ దండగ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇంకో రెండేళ్లు ఆగితే అవే కనిపిస్తాయనేవాళ్లతో అంతకన్నా పెద్ద పేచీ ఉంది.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. కొనుగోళ్లు, స్టోర్స్, ఉత్పత్తి, అమ్మకాలు, ఖాతాలు అన్నింటినీ ఒకే డేటాబేసు మీద నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఈఆర్‌పీ అంటారు. గార్ట్‌నర్ అనే టెక్నాలజీ పరిశోధన సంస్థ 1990 ప్రాంతంలో పెట్టిన పేరు అది. ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో మొదలుపెట్టిన ఎస్ఏపీ ఈ రంగంలో పెద్దన్న. 1992లో దాని ఆర్/3 అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక పెద్ద కంపెనీలు వరుసగా ఈ దారి పట్టాయి. తెలుగువాళ్లకు ఇంతకు మించి పరిచయం అక్కర్లేదు. అమీర్‌పేటలో ఫైకో (ఖాతాలు), ఎంఎం (సరుకు), ఎస్‌డీ (అమ్మకాలు) అంటూ ఎస్ఏపీ భాగాలు నేర్పే బోర్డులు కంటపడకుండా నాలుగు అడుగులు వేయలేని కాలం ఒకటి ఉండేది. ఆ మాడ్యూళ్ల పుణ్యమా అని అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో.

ఇక స్లైడులోకి వెళ్దాం. అందులో అతి పెద్ద అంకె సాధారణంగా సరుకు నిల్వ తగ్గడం గురించి ఉంటుంది. ఊహకు ఒక కంపెనీని తీసుకోండి. ఏడాదికి 120 కోట్ల రూపాయల ముడిసరుకు వాడుతుంది. సగటున 60 రోజులకు సరిపడా సరుకు గోదాముల్లో ఉంటుంది. అంటే దాదాపు 20 కోట్ల రూపాయలు డ్రమ్ముల్లో, బస్తాల్లో కూర్చుని ఉన్నాయి. ఏది ఎంత ఉందో, ఏది ఎప్పుడు కావాలో కంప్యూటర్‌కు తెలిస్తే నిల్వను 50 రోజులకు తగ్గించవచ్చని చెబుతారు. ఆ పది రోజుల సరుకు విలువ 3.29 కోట్లు. స్లైడులో అది ‘ఏటా ఆదా’ అనే శీర్షిక కింద పడుతుంది. ఐదేళ్లకు గుణిస్తే 16 కోట్లు దాటుతుంది. ఇంకేం కావాలి, ఎండీ గారు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఒక్కసారి చేతికి వచ్చే నగదును ఏటా వచ్చే లాభంగా రాశారన్న సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తరు. నిల్వ 60 రోజుల నుంచి 50కి ఒకసారే తగ్గుతుంది, మరుసటి ఏడు మళ్లీ పది రోజులు తగ్గదు. ఆ 3.29 కోట్లు క్యాష్ క్రెడిట్ అనే బ్యాంకు అప్పు ఖాతాలో జమైతే బ్యాంకుకు కట్టే వడ్డీ తగ్గుతుంది. వడ్డీ 10 శాతం అనుకుంటే ఏడాదికి 33 లక్షలు. గోదాము అద్దె, బీమా, గడువు తీరి పారబోసే సరుకు కూడా కలిపితే ఇంకాస్త ఎక్కువ. అసలు లాభం అంతే. తప్పు చిన్నదేమీ కాదు, పదింతలు. ఈ తప్పును చదువుకున్న కుర్రవాళ్ల స్లైడుల్లోనూ నేను చూశాను, పేరున్న సంస్థల స్లైడుల్లోనూ చూశాను. ఇది తెలియక చేసే తప్పని నమ్మడం నాకు కష్టం.

‘పనిగంటల ఆదా’ ఇంకో వింత. బిల్లులు నమోదు చేసే పది మందికి రోజుకు గంటన్నర చొప్పున మిగులుతుందంటారు. దాన్ని జీతంతో గుణించి లాభం కింద వేస్తారు. ఏడాది తిరిగాక జీతాల పట్టిక తీస్తే అదే పది మంది, అదే జీతం. మిగిలిందన్న గంటన్నర కొత్త తెరలు అడిగే కొత్త గడులు నింపడంలో పోయి ఉంటుంది. ఓవర్‌టైమ్ తగ్గిందా? వ్యాపారం పెరిగినా కొత్త మనిషిని తీసుకోకుండా నెట్టుకొచ్చారా? అలా జరిగితేనే ఆ గంటలు డబ్బైనట్లు. అలా చేసిన కంపెనీలు లేకపోలేదు. వాళ్లు చేసిందల్లా వచ్చే ఏడాది బడ్జెట్‌లోనే ఆ పోస్టు కొట్టేసి, కింద సంబంధిత విభాగాధిపతి చేత సంతకం పెట్టించుకోవడం. సంతకం అడిగితే చాలు, స్లైడులోని గంటలు సగానికి సగం ఆవిరైపోతాయి.

ఖర్చువైపు కూడా నిజం సగమే ఉంటుంది. లైసెన్సు ధర రాస్తారు, కన్సల్టెంట్ల రుసుము రాస్తారు. లైసెన్సు మీద ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుము, పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల విషయంలో లైసెన్సు ధరలో 22 శాతం దాకా ఉండేది, దాన్ని కూడా రాస్తారనుకుందాం. రాయనిది సొంత మనుషుల కాలం. స్టోర్స్‌లో అన్నీ తెలిసిన ఒకే ఒక్క మనిషిని, ప్రొడక్షన్‌లో మంచి సూపర్‌వైజర్‌ను, ఖాతాల్లో నెలాఖరు పని భుజాన వేసుకునే అమ్మాయిని కీ యూజర్లుగా, అంటే తమ విభాగం తరఫున కొత్త వ్యవస్థను సరిచూసేవాళ్లుగా, ప్రాజెక్టుకు లాగేస్తారు. వాళ్లు లేని చోట ఆ ఏడాది ఎంత పని పాడైందో ఏ ఖాతాలోనూ పడదు. మాస్టర్ డేటా, అంటే సరుకుల పేర్లు, ధరల మూల జాబితా, శుభ్రం చేయడం మరో కథ. ఒకే సాల్వెంట్ (రసాయనాలను కరిగించడానికి వాడే ద్రవం) పాత రికార్డుల్లో టోలీన్, టోల్యూన్, టొలుయిన్ కమర్షియల్ అని మూడు పేర్లతో, మూడు ధరలతో ఉంటుంది. ఇవన్నీ ఒకటేనని తేల్చడానికి కన్సల్టెంటు పనికిరాడు, రసాయనం తెలిసినవాడు కూర్చోవాలి.

వీటన్నింటికన్నా మౌలికమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఈఆర్‌పీ రాకముందు పరిస్థితి ఏమిటో నిజంగా ఎవరికీ తెలియదు. పైన చెప్పిన 60 రోజుల నిల్వ అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? గోదాములో సరుకు పక్కన చేత్తో రాసే బిన్ కార్డుల నుంచి, ఏడాదికి ఒకసారి మార్చి 31న ఆడిటర్ల ముందు జరిగే లెక్కింపు నుంచి. మధ్యలో పదకొండు నెలలు అది నమ్మకం మీద నడిచిన అంకె. ముందు తూచని ధాన్యానికి మిల్లులో తరుగు ఎంత పోయిందో చెప్పమన్నట్లు ఉంటుంది వ్యవహారం. కొత్త వ్యవస్థలోకి నిల్వలు ఎక్కించేటప్పుడు తీరా లెక్కపెడితే, పుస్తకాల్లో లేని డ్రమ్ములు కొన్ని దొరుకుతాయి, పుస్తకాల్లో ఉన్నవి కొన్ని మాయమవుతాయి. ఆ సర్దుబాటు నష్టం మొదటి ఏడాది ఖాతాల్లో పడుతుంది. పాత పాపం కొత్త సాఫ్ట్‌వేర్ నెత్తిన పడుతుందన్నమాట. దానికి తోడు తెర మీద అంకెను ఇంకా నమ్మలేక స్టోర్స్‌వాళ్లు ముందుజాగ్రత్తగా ఎక్కువ సరుకు తెప్పించుకుంటారు. తగ్గాల్సిన నిల్వ మొదటి ఆరు నెలల్లో పెరగడం నేను చూశాను.

ఒక్క కంపెనీ ఖాతాల్లో తేలని లెక్కను చాలా కంపెనీల ఖాతాలు కలిపి తేల్చాలని పరిశోధకులు ప్రయత్నించారు. 2001లో పోస్టన్, గ్రాబ్‌స్కీ ఈఆర్‌పీ పెట్టిన కంపెనీలను మూడేళ్ల పాటు వెంబడించారు. అమ్మకాలతో పోలిస్తే ఉద్యోగుల సంఖ్య తగ్గింది. అమ్మిన సరుకు ఖర్చు నిష్పత్తి మూడో ఏటికి గానీ మెరుగుపడలేదు. పెట్టుబడి మీద వడ్డీ పోను మిగిలే ఆదాయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2002లో హిట్, వూ, జౌ మరికొంత ఆశాజనకంగా తేల్చారు: ఎస్ఏపీ కొన్న కంపెనీలు చాలా కొలమానాల్లో కొననివాటి కంటే ముందున్నాయి, అయితే అమలు పూర్తయిన వెంటనే కొంతకాలం పనితీరు కుంగుతుంది. 2003లో హంటన్, లిపిన్‌కాట్, రెక్ చెప్పినది నాకు అన్నింటికన్నా ఆసక్తికరం. పెట్టినవాళ్ల ఆస్తులపై రాబడి పెద్దగా పెరగలేదు, పెట్టనివాళ్లది తగ్గింది. ఇద్దరి మధ్యా తేడా అక్కడి నుంచి వచ్చింది.

అంటే ‘పెట్టాక లాభం పెరగలేదు కదా’ అనే వాదన చెల్లదు. పెట్టకపోతే ఎక్కడికి జారేవాళ్లమో దానితో పోల్చాలి గానీ నిన్నటితో కాదు. అయితే ఈ మాటను అమ్మేవాళ్ల చేతికి ఇచ్చేస్తే వాళ్లు దాన్ని సర్వరోగ నివారిణిగా వాడేస్తారు. సగటు కంపెనీ గురించి చెప్పిన నిజం మన కంపెనీకి వర్తించాలని ఏమీ లేదు. జర్మనీ సూపర్‌మార్కెట్ గొలుసు లిడిల్‌ను చూడండి. 2011లో ఎస్ఏపీ ప్రాజెక్టు మొదలుపెట్టి, ఏడేళ్లు గడిచాక, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని అంచనాలు వచ్చాక, 2018లో ఆపేసింది. వాళ్లు సరుకు నిల్వను కొన్న ధర మీద లెక్కగట్టే అలవాటున్నవాళ్లు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మే ధర మీద లెక్కగడుతుంది. తమ అలవాటు మార్చుకోవడం ఇష్టంలేక సాఫ్ట్‌వేర్‌ను మార్చబోయారు. మార్చేకొద్దీ ఖర్చు పెరిగింది, వేగం తగ్గింది. అదే ఏడేళ్లలో లిడిల్ కొత్త దుకాణాలు తెరుస్తూనే ఉంది. ఆ ఈఆర్‌పీ లేకపోవడం వల్ల అది చితికిపోలేదు.

అటువైపు హెర్షీ ఉంది. అమెరికాలో చాక్లెట్లు చేసే ఆ కంపెనీ 11.2 కోట్ల డాలర్ల ఈఆర్‌పీ ప్రాజెక్టును 1999 జులైలో ప్రారంభించింది. నాలుగేళ్లు పడుతుందన్న పనిని 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో రెండున్నరేళ్లకు కుదించింది. హాలోవీన్ పండుగకు దుకాణాలు అడిగిన సరుకులో దాదాపు 10 కోట్ల డాలర్ల విలువైనది పంపలేకపోయింది. ఆ త్రైమాసికంలో లాభం 19 శాతం పడిపోయింది. చాక్లెట్లు లేక కాదు, చాలావరకు గోదాముల్లోనే ఉన్నాయి. పండుగ సీజన్లో సరుకు పెరిగినప్పుడు అక్కడా ఇక్కడా దొరికిన చోటల్లా తాత్కాలికంగా దాచే అలవాటు ఆ కంపెనీకి ఉండేదనీ, ఆ చోట్లు కొత్త వ్యవస్థలో నమోదు కాలేదనీ అప్పటి కథనాలు రాశాయి. పాత మనుషులకు తెలిసినది కంప్యూటర్‌కు చెప్పలేదు. అదే హెర్షీ 2002లో అదే సాఫ్ట్‌వేర్ పై రకానికి సాఫీగా మారింది. కంపెనీ అదే, సాఫ్ట్‌వేర్ అదే, ఒకసారి నష్టం, ఒకసారి లాభం. అలాంటప్పుడు ‘ఈ సాఫ్ట్‌వేర్ విలువ ఎంత’ అనే ప్రశ్నకు జవాబే ఉండదు.

జవాబు ఉన్న ప్రశ్న వేరే ఉంది. నా వాదన ఇక్కడే మొదలవుతుంది.

ప్లానింగ్ సమావేశంలో రెండు అంకెలు ఢీకొన్నప్పుడు ఏది నెగ్గుతుందో గమనించండి. ‘సిస్టమ్‌లో 14 టన్నులు ఉంది’ అంటారు ఖాతాల నుంచి. ప్రొడక్షన్ మేనేజర్ తన ల్యాప్‌టాప్ ఇటు తిప్పి ‘వాడుకోగలిగింది తొమ్మిదే సార్’ అంటారు. మిగిలిన ఐదింటిలో మూడు క్వాలిటీ పరీక్ష పూర్తయినా ఫలితం నమోదు కాకుండా ఉన్నాయి, రెండు తిరస్కరించినవి, సరఫరాదారు తీసుకెళ్లలేదు. అందరూ తొమ్మిదే రాసుకుంటారు. ఆ తొమ్మిది ఉన్న ఎక్సెల్ షీటే ఆ కంపెనీ నిజంగా నడిచే వ్యవస్థ. కోట్లు పోసి కొన్నది ఆడిటర్ల కోసం ఉంచిన రికార్డు. కాబట్టి ఈఆర్‌పీ విలువ కొలవాలంటే నేను ముందు దాన్ని తెరవను, దాని పక్కన ఇంకా బతికి ఉన్న షీట్లను వెతుకుతాను.

షీట్లన్నీ దోషులు కావు. ఈఆర్‌పీ నుంచి అంకెలు దించుకుని విశ్లేషణ చేసుకునే షీటు మంచిదే, నేనూ రోజూ చేస్తాను. అక్కడా ఇక్కడా రెండు చోట్ల అదే సమాచారం ఎక్కించే షీటు ఖర్చు, దాని లెక్క సులువు: ఎవరు, రోజుకు ఎంతసేపు. అసలైనవి మూడో రకం. వాటిలో ఉన్న సమాచారం ఈఆర్‌పీలో లేదు, లేదా ఉన్నా ఎవరూ నమ్మరు, నిర్ణయాలు మాత్రం వాటి మీదే జరుగుతాయి. ఇలాంటి షీటు ఒక్కొక్కటీ స్లైడులో వాగ్దానం చేసిన లాభం రాకుండా ఎక్కడ ఆగిపోయిందో వేలు పెట్టి చూపిస్తుంది.

మా రంగంలో దీనికి సాల్వెంట్ల లెక్కను మించిన ఉదాహరణ లేదు. ఒక బ్యాచ్‌కు వెయ్యి లీటర్ల టోలీన్ వాడామనుకోండి. పని అయ్యాక దాన్ని డిస్టిలేషన్ చేసి చాలావరకు తిరిగి రాబట్టుకుంటారు. శుద్ధి చేసిన సాల్వెంట్ తరువాతి బ్యాచ్‌కు వెళ్తుంది. బల్క్ డ్రగ్‌లో లాభమా నష్టమా అన్నది చాలాసార్లు ఈ రికవరీ శాతం మీదే ఆధారపడుతుంది. ఈఆర్‌పీలో ఆ ఉత్పత్తి వంటకం ఎక్కించేటప్పుడు రికవరీ 80 శాతం అని ఎవరో ఒక అంకె వేస్తారు. ప్లాంటులో అది ఏ రెండు బ్యాచ్‌లకూ ఒకేలా ఉండదు. వేసవిలో కూలింగ్ నీళ్లు వేడెక్కితే కండెన్సర్ల దగ్గర నష్టం పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. కొత్త డిస్టిలేషన్ కాలమ్ పెడితే శాతం అమాంతం మారుతుంది. వంటకంలో అంకె మాత్రం ప్రారంభోత్సవం నాటిదే. దాంతో ప్లానింగ్ మాడ్యూల్ అవసరానికి మించి కొనమని చెబుతుంది, కొన్నిసార్లు అవసరమైనంత కూడా చెప్పదు. కొనుగోలు విభాగం రెండు నెలలు చూసి దాని మాట వినడం మానేస్తుంది, నేరుగా ప్రొడక్షన్‌కు ఫోన్ చేసి ఎన్ని ట్యాంకర్లు కావాలో అడుగుతుంది. ప్రొడక్షన్‌వాళ్లు షీటు చూసి చెబుతారు.

ఇప్పుడు మళ్లీ ఆ 3.29 కోట్ల దగ్గరికి రండి. నిల్వ తగ్గేది ఏ మాడ్యూల్ వల్ల? ఎవరూ వినడం మానేసిన ఆ ప్లానింగ్ మాడ్యూల్ వల్లే. సాల్వెంట్ షీటు బతికి ఉన్నంతకాలం ఆ 33 లక్షలు కూడా రావు. లాభనష్టాల ఖాతా చూసి ఇది చెప్పలేం, ధరలు పెరిగాయనో ఆర్డర్లు మారాయనో నూటొక్క కారణాలు కలగలిసిపోతాయి. షీటు చూస్తే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

అదే షీటుకు ఇంకో ముఖం ఉంది, అది డబ్బు లెక్కకన్నా పెద్దది. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో కాన్సర్ తేగలదని భావించే ఎన్‌డీఎంఏ అనే కలుషితం ఉన్నట్లు బయటపడింది. మొదట ఒక చైనా కంపెనీ సరుకులో కనిపించి, తరువాత ఎన్నో దేశాల్లో మందులు వెనక్కి రప్పించేదాకా వెళ్లింది. దాని మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అలాంటి కలుషితాలు చేరే దారుల్లో తిరిగి రాబట్టిన సాల్వెంట్లను కూడా పేర్కొంది. అప్పటి నుంచి ‘ఈ రికవరీ టోలీన్ ఏ బ్యాచ్ నుంచి వచ్చింది, ఏ ఉత్పత్తిలోకి వెళ్లింది’ అన్న ప్రశ్నకు విదేశీ కొనుగోలుదారుల ఆడిటర్లు నిలబెట్టి జవాబు అడుగుతారు. ఆ జవాబు ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో, ఎవరైనా ఎప్పుడైనా మార్చగల షీటులో ఉందంటే అది సమాధానం కాదు, ఆడిట్ రిపోర్టులో రాసే లోపం. ఎలక్ట్రానిక్ రికార్డులను ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో కనిపించేలా ఉంచాలన్న అమెరికా నిబంధన 1997 నుంచే ఉంది. నిన్నటిదాకా వడ్డీ లక్షల్లో కొలిచిన షీటు ఒక్కసారిగా మార్కెట్ ఉంటుందా పోతుందా అనే ప్రశ్న అవుతుంది. దీన్ని ఏ స్లైడులో ఏ గడిలో వేస్తారు?

నా మట్టుకు నేను దీన్ని రూపాయల్లోకి మార్చే ప్రయత్నమే చేయవద్దంటాను. గంటల్లో కొలవండి. ముందుగా చెప్పకుండా ఒక రోజు స్టోర్స్ నుంచి ఏదో ఒక ముడిసరుకు లాట్ నంబరు తీసుకుని, అది ఏ ఏ బ్యాచ్‌లలోకి వెళ్లింది, ఆ బ్యాచ్‌లు ఏ ఏ కస్టమర్లకు వెళ్లాయి, ఎంత మిగిలి ఎక్కడ ఉంది అని అడగండి. వాచీ చూసుకోండి. సమాధానం పూర్తిగా ఈఆర్‌పీ నుంచే వచ్చిందా, మధ్యలో ఎవరైనా కాగితం బ్యాచ్ రికార్డు కోసం పరుగెత్తారా, ఎక్సెల్ తెరిచారా అని రాసుకోండి. రెండు గంటల్లో వచ్చిన కంపెనీకీ రెండు రోజులు పట్టిన కంపెనీకీ ఈఆర్‌పీ బిల్లు ఒకటే కావచ్చు, విలువ ఒకటి కాదు.

జీఎస్టీని ఈ లెక్కలోకి తేవడం నాకు నచ్చదు, అయినా ప్రతి ప్రతిపాదనలోనూ అది ఉంటుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. 2020 అక్టోబరులో 500 కోట్ల పైబడిన టర్నోవర్ ఉన్నవాళ్లతో మొదలైన ఇ-ఇన్‌వాయిసు 2023 ఆగస్టుకు 5 కోట్లు దాటినవాళ్ల దాకా దిగింది. ఇది తప్పనిసరి, ఒప్పుకుంటాను. కానీ దీనికి పెద్ద ఈఆర్‌పీ అక్కర్లేదు. ట్యాలీతో వీధి చివర హార్డ్‌వేర్ దుకాణం కూడా చేసుకుంటోంది. చౌకగా దొరికే పనిని ఖరీదైనదాని లాభంగా చూపించడం ఏ కాస్టింగ్ సూత్రమో నాకు తెలియదు.

షీట్లు లెక్కపెట్టడంలో ఇబ్బందులు లేవని అనను. ‘ఫలానా తేదీ నుంచి ఎక్సెల్ నిషేధం’ అని సర్క్యులర్ ఇచ్చిన కంపెనీలో షీట్లు మాయమై వాట్సాప్ గ్రూపుల్లోకి, ఆ తరువాత అట్ట నోటుబుక్కుల్లోకి వెళ్లాయి. అక్కడ అవి ఇంకా ప్రమాదం. షీటు పెట్టుకున్నవాడు సాధారణంగా బద్ధకస్తుడు కాదు, ఫ్యాక్టరీ ఆగకూడదని ఆలోచించేవాడు. అతను దాన్ని ఎందుకు పెట్టుకున్నాడో వినాలి. సగం సందర్భాల్లో ఈఆర్‌పీలో ఒక గడి తప్పుగా ఉండటమో, ఒక నమోదుకు మూడు అనుమతులు పెట్టడమో కారణం అవుతుంది. మిగతా సగంలో అసలు కారణం అధికారం. నిజమైన నిల్వ తన ఒక్కడికే తెలిసి ఉండటంలో స్టోర్స్ ఇన్‌ఛార్జ్‌కి ఒక బలం ఉంటుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ లాక్కోలేదు. చాలా అమలులు ఇక్కడే ఆగుతాయి. దీన్ని ‘మార్పుకు ప్రతిఘటన’ అని ఒక స్లైడులో రాసేసి కన్సల్టెంట్లు ముందుకు వెళ్లిపోతారు.

వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు డబ్బు చెల్లించేది గో-లైవ్ కు. ఫలానా తేదీన పాత వ్యవస్థ ఆపి కొత్తది మొదలుపెట్టారా, తరువాత కొన్ని వారాలు పక్కన నిలబడి చూసుకున్నారా, అంతే. ఆ రోజు కేకు కోస్తారు, ఫొటోలు దిగుతారు. విలువ వచ్చిందా లేదా అనే లెక్క తేలేది ఏడాది రెండేళ్లకు. అప్పటికి ఆ బృందం వేరే ఊళ్లో వేరే కంపెనీ గో-లైవ్‌లో ఉంటుంది. కంపెనీ లోపల కూడా అంతే, ప్రాజెక్టు కమిటీ రద్దయి ఉంటుంది. కొత్త వ్యవస్థ వచ్చాక పనితీరు ముందు కుంగి తరువాత లేస్తుందన్న మాట నిజమే, పరిశోధనలూ అదే అన్నాయి. కానీ ఎప్పటికి లేవాలో, ఏ అంకెలో లేవాలో ముందే రాసుకోకపోతే, ఆ కుంగుబాటు ఎన్నేళ్లయినా చెల్లే సాకు అవుతుంది.

ఈ గోల ఇప్పుడు మళ్లీ ఎందుకంటే, ఎస్ఏపీ పాత రకం ఈసీసీకి ప్రధాన మద్దతు 2027 చివరితో ముగుస్తోంది. అదనపు రుసుము కడితే 2030 దాకా లాగవచ్చు. మన చుట్టూ ఎన్నో కంపెనీలు 2015లో వచ్చిన ఎస్/4హానాకు మారే పనిలో ఉన్నాయి. ఈసారి స్లైడు వేయడానికి కూడా ఎవరూ కష్టపడటం లేదు, గడువు ఉంది కాబట్టి మారాలి, అంతే. గడువు కోసం మారితే పాత వ్యవస్థ పక్కన ఉన్న షీట్లన్నీ కొత్త వ్యవస్థ పక్కకు చేరతాయి. మారడానికి ముందే నేను అడిగేవి రెండే. మూడో రకం షీట్ల జాబితా ఒకటి, యజమాని పేరుతో సహా, ఒప్పందానికి అనుబంధంగా ఉండాలి. అమలు సంస్థ రుసుములో పది శాతమైనా, ఆ జాబితాలో ఒప్పుకున్న షీట్లు మూతపడి రెండు త్రైమాసికాలు గడిచేదాకా ఆపి ఉంచాలి.

ఇలాంటి షరతుకు ఏ సంస్థా ఒప్పుకోదని మా ఫైనాన్స్ మిత్రులు అంటారు. బేరాలాడితే ఒప్పుకున్న సంస్థ ఉంది. కాకపోతే వాళ్లు వెంటనే ఒక ఎదురు ప్రశ్న వేశారు: షీటు మూసేయమని చెప్పే అధికారం మీ వైపు ఎవరికి ఉంది, ఆ పేరు కూడా రాయండి. ఆ గడి నింపాల్సి వచ్చేసరికి ప్రొడక్షన్, స్టోర్స్, అకౌంట్స్ అధిపతులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.